చెవి వెనక మచ్చ

అమ్మ నాకు జడ వేసే ముందు ఎడమ చెవిని మడిచి చూసేది. చెవి వెనక శనగగింజంత నల్లటి మచ్చ ఉంది నాకు. దాన్ని బొటనవేలితో ఒకసారి రుద్దేది. అది అక్కడే ఉందని నమ్మకం కుదిరాక జుట్టును మూడు పాయలు చేసేది. జడ నేనే వేసుకోవడం నేర్చుకున్నాక కూడా ఆ అలవాటు మానలేదు. ఆదివారం చర్చికి బయల్దేరి నేను చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి వచ్చి చూసేది. అందరి అమ్మలూ ఇలాగే చూస్తారని చాలాకాలం అనుకున్నాను.

నేను పుట్టడానికి నాలుగు నెలల ముందు మా అక్క చనిపోయింది. మూడేళ్ళ పిల్ల. మూడు రోజులు జ్వరం కాసింది. నాలుగో రోజు గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే బస్సులోనే అమ్మ ఒళ్ళో పోయింది. పాతిపెట్టడానికి తీసుకెళ్ళే ముందు అమ్మ పొయ్యి దగ్గరకెళ్ళి వేలికి మసి అంటించుకొచ్చి, దాని ఎడమ చెవి వెనక రాసి, "మళ్ళీ నా కడుపునే రా తల్లీ" అందట. పోయిన బిడ్డ తిరిగి పుడితే ఆ మసి పుట్టుమచ్చగా కనబడుతుందని పాతవాళ్ళ నమ్మకం. మాది తాతల కాలం నుంచీ చర్చికి వెళ్ళే ఇల్లు. అయినా పొయ్యి దగ్గరి నమ్మకాలు పొయ్యి దగ్గరే ఉండిపోయాయి.

తర్వాత నేను పుట్టాను. చెవి వెనక మచ్చ ఉంది. అమ్మ నాకు అక్క పేరే పెట్టింది. పెట్టింది అనకూడదేమో. ఆ పేరుతోనే పిలవడం కొనసాగించింది.

ఇంట్లో అక్క ఫొటో ఒక్కటే ఉంది. ప్రత్తిపాడు స్టూడియోలో తీయించింది, గులాబీ గౌను, వెనక రంగుల తెర. ఎవరైనా వస్తే, "ఇదేనండీ మా అమ్మాయి, మూడేళ్ళప్పుడు" అని నన్నూ ఫొటోనూ కలిపి చూపించేది అమ్మ. నా చిన్నప్పటి ఫొటో ఒక్కటీ లేదు. ఒకసారి అడిగితే, "ఉందిగా గోడకి" అంది.

అక్కకి పాలమీగడ ఇష్టం. నాకు మీగడ నోట్లో పడితే కడుపులో తిప్పుతుంది. ఆ మాట ఎప్పుడూ అనలేదు. "నీకు ఇష్టం కదా" అని అమ్మ గ్లాసులో వేసిచ్చేది, నేను కళ్ళు మూసుకుని మింగేదాన్ని. అక్కకి కప్పలంటే భయం. వానాకాలం వాకిట్లోకి కప్ప వస్తే అమ్మ నా వైపు చూసేది. నేను అరిచేదాన్ని. అరవడం ఒక్క క్షణం ఆలస్యమైతే అమ్మ ముఖంలో ఏదో వెలితి కనబడేది. అందుకని కప్ప కనబడకముందే అరవడం నేర్చుకున్నాను.

నాన్న మాత్రం నన్ను ఆ పేరుతో పిలిచేవాడు కాదు. "అమ్మాయ్" అనేవాడు. నామీద ప్రేమ లేదనుకునేదాన్ని. సొంతం ఒక ఎకరం, కౌలుకి మూడెకరాలు, మిరప, పత్తి, ఆ పనిలో పడి నాన్నకి మనుషులు గుర్తుండరనుకునేదాన్ని.

ఎండాకాలం ముందు కల్లంలో మిరపకాయలు ఆరబోసేవాళ్ళం. మిట్టమధ్యాహ్నం వాటిని కాళ్ళతో తిరగేసే పని నాది. ఎండిన కాయలోని విత్తనాలు కాలు తగిలితే గలగలమంటాయి. నేను ఆగిపోయినా ఒక్కోసారి ఆ చప్పుడు ఇంకో రెండడుగులు వినబడేది. వెనక్కి తిరిగి చూసేదాన్ని కాదు. చూస్తే గులాబీ గౌను ఉంటుందేమోనని భయం. ఏడో తరగతిలో మొదటి డైరీ కొనుక్కుని, తొలి పేజీలో "అక్కా" అని రాసి ఆగిపోయాను. అక్క నేనే అయితే ఎవరికి రాస్తున్నట్టు? ఆ పేజీ చింపేసి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ ఆ మాటే వచ్చింది.

మా చర్చిలో పాటలయ్యాక, వాక్యానికి ముందు, సాక్ష్యాలుంటాయి. దేవుడు మేలు చేసినవాళ్ళు లేచి నలుగురిలో చెప్పాలి. ఒకరు గేదె దొరికిందంటారు, ఒకరు కడుపునొప్పి తగ్గిందంటారు. అమ్మ నెలకోసారి లేచేది. కొంగు తలమీదికి లాక్కుని, "నా బిడ్డని తీసుకున్న ప్రభువు నా బిడ్డని మళ్ళీ నాకిచ్చాడు" అని నా భుజం మీద చెయ్యి వేసేది. సంఘమంతా "స్తోత్రం" అనేది. ఒక బిడ్డ పోతే ఇంకో బిడ్డనిచ్చాడని వాళ్ళు అర్థం చేసుకునేవాళ్ళు. అమ్మ ఉన్నదున్నట్టే ఆ మాట అంటోందని మా ఇంట్లోవాళ్ళకే తెలుసు. ఆ చెయ్యి భుజం మీద ఉన్నంతసేపూ నేను నేల చూసేదాన్ని. నేను బాగా సిగ్గరినని చెప్పుకునేవాళ్ళు.

కిందటేడు మార్చిలో, నేను డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నప్పుడు, నాయనమ్మా నేనూ కల్లం పక్కన పందిరి నీడలో కూర్చుని కాయలకి తొడిమలు తీస్తున్నాం. అమ్మ కోతకి వెళ్ళింది. పక్కింటి కోడలు నెలల పిల్లని భుజాన వేసుకుని వచ్చింది.

"పెద్దమ్మా, నిన్నట్నుంచి ఒకటే ఏడుపు. పొట్ట చూడు ఎట్టా ఉబ్బిందో. ఒక్క వాత పెట్టవా?"

పసిపిల్లలకి జబ్బు చేస్తే పసుపుకొమ్ము కాల్చి ఒంటికి అంటించడమే వాత. ఒకప్పుడు మా ఊళ్ళో ఆ పనికి నాయనమ్మనే పిలిచేవాళ్ళు.

"పోవే పో. బస్సెక్కి ఆసుపత్రికి తీసుకుపో."

"నీ చేతి వాతకి తిరుగే లేదంటగా?"

"నా చేతికి బుద్ధొచ్చి చాలా ఏళ్ళైంది. నిన్ను కాలిస్తే ఊరుకుంటావా? పసిగుడ్డుకి నోరు లేదనేగా! పో ముందు, పన్నెండింటి బస్సు పోద్ది."

ఆమె వెళ్ళిపోయాక ఊరికే అడిగాను. "ఎప్పుడు మానేశావు నాయనమ్మా?"

"నీ తర్వాత."

అని, తొడిమ తీస్తున్న చెయ్యి ఆపేసింది. నోరు జారిందని ఆమెకి తెలిసింది. నాకు మాత్రం ఇంకా ఏమీ తెలియలేదు.

"నాకెక్కడ పెట్టావు?"

నాయనమ్మ మిరపఘాటుకి తుమ్మి, పైటతో ముక్కు తుడుచుకుని, అప్పుడు చెప్పింది.

"పుట్టినప్పుడు నీ చెవెనక ఏమీ లేదే. శుభ్రంగా ఉన్నావు. మీ అమ్మ నీ మొహం చూడలా. గోడకి తిరిగి పడుకుంది. నాకిది వద్దు, నా బిడ్డని తీసుకురండి అంటది. దూదితో ఆవుపాలు పిండితే కక్కేదానివి. తొమ్మిదో రోజుకి ఏడవడానిక్కూడా ఓపిక లేదు నీకు. ఇంకో రెండ్రోజులాగితే నువ్వూ పోయేదానివి. ఏం చెయ్యమంటావు నన్ను?"

"ఏం చేశావు?"

"మసి ఎక్కడ రాసిందో నాకు తెలుసుగా. అక్కడే కాల్చా. మర్నాటికి కాలినచోటు నల్లబడితే ఎత్తుకెళ్ళి చూపించా. చూడవే, నీ పెద్దది వచ్చిందీ అని. అంతే. లాక్కుని రొమ్ముకి అదుముకుంది."

దూరంగా చేలో నుంచి అమ్మావాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. నాయనమ్మ గొంతు తగ్గించింది. "మీ అమ్మకి చెప్పమాక. చచ్చిపోద్ది."

ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే రాశాను: నేను తాగిన పాలు నావి కావు.

తర్వాత కొన్ని నెలలు ఇంట్లో నడవాలంటే భయంగా ఉండేది. అంతకుముందు అక్క నాలో ఉందనుకునేదాన్ని. ఇప్పుడు అక్క బయట ఎక్కడో ఉంది, ఆమె ఇంట్లో, ఆమె కంచంలో, ఆమె పేరులో నేను చొరబడ్డాను. అమ్మ పెరట్లోంచి ఆ పేరు పిలిస్తే "ఆఁ" అనే ముందు ఒక క్షణం ఆగేదాన్ని, ఇంకెవరైనా పలుకుతారేమోనని. అమ్మ చెవి మడిచి చూసినప్పుడల్లా మెడ బిగుసుకునేది.

ఈ ఏడు జనవరి చివర్లో పాస్టరు అయ్యగారు బాప్తిస్మాలు ప్రకటించారు. కాలువలో నీళ్ళున్నప్పుడే కానిచ్చేద్దామన్నారు. అమ్మ నా పేరిచ్చేసింది. మంగళగిరి నేత చీర, తెల్లది, సన్నంచుది తెచ్చింది. బాప్తిస్మానికి ముందు ఆదివారం ఒక్కొక్కరూ సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి.

"ఎందుకే కంగారు? నేను చెప్పేదే నువ్వూ చెప్పు" అంది అమ్మ. "ప్రభువు నన్ను మళ్ళీ మా అమ్మ దగ్గరికి పంపాడు అను. చాలు."

నీళ్ళలోకి ఎవరు దిగాలి? ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. అక్కగా దిగితే అమ్మ సంతోషంగా ఉంటుంది, కానీ దేవుని ముందు అబద్ధమే. నేనుగా దిగితే అమ్మకి బిడ్డ చచ్చిపోతుంది. ఇరవై రెండేళ్ళ తర్వాత, సంఘమంతా చూస్తుండగా.

పాస్టరు గారి భార్యని మేమంతా అమ్మగారు అంటాం. ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. నేను సాయంత్రాలు వెళ్ళి హుక్కులు కుట్టిపెడతాను. ఆ వారం నాలుగు రోజులు వెళ్ళి హుక్కులు కుట్టి వచ్చేశాను. అయిదోరోజు ఆవిడే అంది, "నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయా ఏంటమ్మా? మూడు హుక్కులు తిరగేసి కుట్టావు. ఏంటి సంగతి?"

చెప్పాను. జీవితంలో అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. ఆవిడ మిషను ఆపేసింది.

"తొమ్మిది రోజుల పిల్లవి. నువ్వేం మోసం చేశావే?"

"నేను చెయ్యలేదండీ. కానీ నాకు దొరికిందంతా అక్క కోసం పెట్టింది. నేనని తెలిసుంటే అమ్మ ఇచ్చేది కాదు."

ఆవిడ వెంటనే ఓదార్చలేదు. అందుకే ఆవిడంటే నాకు గౌరవం. సూదిలో దారం తీసి, మళ్ళీ ఎక్కించి, అప్పుడంది.

"బైబిలు వాక్యంలో ఒక తమ్ముడున్నాడు కదా. అన్న బట్టలు కట్టుకుని, చేతులకి మేకతోలు చుట్టుకుని, చూపు ఆనని తండ్రి దగ్గర అన్న దీవెన తీసుకున్నవాడు. దీవెనైతే దొరికింది. దాంతో సుఖపడ్డాడా? ఇరవై ఏళ్ళు భయపడుతూనే బతికాడు. చివరికి దేవుడే వచ్చి పట్టుకుని, నీ పేరేంటని అడిగాడు. ఆయనకి తెలియకనా?"

"అప్పుడు నిజం చెప్పాడు" అన్నాను.

"సొంత పేరు చెప్పాడు. ఎవరి బట్టలూ లేకుండా. అప్పుడే కదా దీవించింది." మిషను చక్రం మీద చెయ్యి పెట్టి తిప్పకుండా ఉంచింది. "మనిషి పొరపాటు పడి ఇస్తాడమ్మా. ఎవరో అనుకుని ఎవరికో ఇస్తాడు. కృప అట్టాంటిది కాదు. నువ్వెవరివో అంతా తెలిసి, నీకే ఇచ్చేది."

"అమ్మకి చెప్పాలాండీ?"

"చెప్పమని నేననను. మీ అమ్మని రేపట్నుంచి చూసుకోవాల్సింది నువ్వు, నేను కాదుగా." తర్వాత, "ఆ మూడు హుక్కులూ విప్పి కుట్టు" అంది.

ముందు ఇంట్లోనే చెప్పాలని శనివారమంతా అమ్మ వెనక తిరిగాను. పొయ్యి దగ్గర, బోరింగు దగ్గర. "ఏంటే కొంగు పట్టుకు తిరుగుతున్నావు, చిన్నప్పట్లాగా" అని నవ్వింది. ఆ నవ్వు చూశాక నోరు రాలేదు.

ఆదివారం నా వంతు వచ్చింది. రాసుకున్న కాగితం చేతి చెమటకి తడిసింది. అమ్మ మొదటి వరసలో, స్తోత్రం చెప్పడానికి చెయ్యి సగం ఎత్తి ఉంచింది. నాయనమ్మ చాప చివర గోడకి ఆనుకుంది. కాగితం చూడకుండానే చెప్పాను.

"మా అక్క చనిపోయింది. నేను పుట్టకముందే. ఆమె ప్రభువు దగ్గరుంది. నేను ఆమెని కాదు. నేను రెండో పిల్లని. ఇన్నాళ్ళూ నేనెవరో నాకే తెలియదు. ప్రభువుకి తెలుసు. తెలిసే పిలిచాడు."

అంతే. సంఘం "స్తోత్రం" అంది. ఎవరికీ అందులో వింత కనబడలేదు. ఎవరో ముసలాయన "ఆమేన్" కూడా అన్నాడు. అమ్మ ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయింది. పాట మొదలై, రెండు చరణాలయ్యాక, ఆ చెయ్యి తనంతట తనే ఒళ్ళోకి జారింది.

ఇంటికొచ్చాక నాయనమ్మ నా పక్కనుంచి వెళ్తూ మెల్లగా అంది. "చంపావే తల్లీ. ఇన్నేళ్ళు నేను బతికించుకొస్తే, చంపావు దాన్ని."

ఆ వారం అమ్మ నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. అన్నం తిను. తలుపెయ్యి. జడ జోలికి రాలేదు. కోత నుంచి వచ్చి చేతులు కడుక్కోకుండా గోడకేసి కూర్చునేది. మిరప చేతుల్తో కళ్ళు తుడుచుకుంటే మండుతాయి, మండినా తుడుచుకునేది. నేను నిజం కోసం చెప్పానా, నాకోసం చెప్పానా అని రోజూ అనుకున్నాను. ఇప్పటికీ తెలియదు. రెండూ కావచ్చు. ప్రార్థనలో మాటలు రాలేదు. ఒకటి మాత్రం జరిగింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మోకరించినప్పుడు గదిలో ఇంకో పిల్ల లేదు. నేనొక్కదాన్నే ఉన్నాను. నన్ను చూసేవాడున్నాడు. ఆ చూపు నా చెవి వెనక దేనికోసమూ వెతకలేదు. అమ్మ అలా కూర్చుని ఉండగా నాకు మనసు నెమ్మదిగా ఉండటం తప్పేమో అనిపించింది. అయినా నెమ్మదిగానే ఉంది.

బాప్తిస్మం రోజు అమ్మ రాదనుకున్నాను. నాన్నే బండి మీద కాలువ దగ్గర దింపాడు. నీళ్ళు చల్లగా, ఎర్రమట్టి రంగులో, నడుముదాకా ఉన్నాయి. అయ్యగారు ఏ పేరుతో అని ముందే అడిగారు, చెప్పాను. నేనే ఎంచుకున్న పేరు, నాకు ముందు మా ఇంట్లో ఎవరిదీ కాదు. ఆ పేరు పిలిచి, వెనక్కి వాల్చి ముంచి లేపారు. చెవుల్లో నీళ్ళు పోయి ఏ పాటా వినబడలేదు. కళ్ళు తెరిస్తే గట్టుమీద, ఆడవాళ్ళందరికీ వెనగ్గా, తువ్వాలు పట్టుకుని అమ్మ నిలబడి ఉంది.

గట్టెక్కాను. తువ్వాలు తలమీద వేసి తుడవడం మొదలుపెట్టింది. అలవాటుగా వేళ్ళు ఎడమ చెవి వెనక్కి పోయాయి. ఆగాయి. మామూలుగా రుద్దినట్టు రుద్దలేదు. వేలి చివరతో చుట్టూ తడిమి చూసింది.

"మీ నాయనమ్మేనా?"

తలూపాను.

తువ్వాలు మళ్ళీ కదిలింది. కాసేపటికి, నా తల వెనక నుంచే అడిగింది. "నొప్పెట్టిందా?"

"నాకెట్టా తెలుస్తుందమ్మా?"

"తొమ్మిది రోజుల పిల్లకి..." అని, ఆ మాట పూర్తి చేయలేదు.

ఆ తర్వాత వారం, ఒక సాయంత్రం ఎండ తగ్గకముందే, అమ్మ నాన్నని అడిగింది. "దాన్ని ఎక్కడ పెట్టావు?" ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న. బిడ్డ తిరిగొచ్చింది కాబట్టి అడగాల్సిన పని లేకపోయింది. సమాధుల పండగకి ఊళ్ళో అందరూ సున్నాలు వేసి పూలు పెడుతుంటే మేం ఇంట్లోనే ఉండేవాళ్ళం.

నాన్న చెప్పులేసుకుని ముందు నడిచాడు. మా సొంత ఎకరంలో పత్తి అయిపోయి కట్టె నిలబడి ఉంది. తూర్పు గట్టు పక్కన మంచం పట్టేంత నేల, గడ్డి మొలిచి, దున్నకుండా వదిలేసి ఉంది. చిన్నప్పటి నుంచి అక్కడ ఎందుకు దున్నవని అడిగితే రాయి ఉందనేవాడు. అక్కడ రాయేమీ లేదు. నాన్న వేలు కూడా చూపించలేదు. అక్కడికెళ్ళి తలగుడ్డ తీసి నిలబడ్డాడు. నన్ను ఆ పేరుతో ఎందుకు పిలవలేకపోయాడో అప్పుడర్థమైంది.

అమ్మ గడ్డిలో కూర్చుంది. నేల మీద అరచెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అలాగే ఉంచి, అక్క పేరు పెట్టి పిలిచింది. పెరట్లోంచి నన్ను పిలిచే గొంతు కాదు. అంతకుముందు నేనెప్పుడూ వినని గొంతు.

అలవాటు కొద్దీ "ఆఁ" నా గొంతుదాకా వచ్చింది. ఆపుకున్నాను. అమ్మ రెండోసారి పిలిచింది, మూడోసారి పిలిచింది. నేను పత్తికట్టె మధ్య నిలబడి, పలకకుండా, అక్కని పూర్తిగా విననిచ్చాను.